పెట్రొనీలమ్మ క్వాద్రీల్యా

మా పరాయిబా మెట్టసీమలో క్వాద్రీల్యా అన్న మాటకు రెండర్థాలున్నాయి. జూన్ నెలలో యోహాను పండగకు జతలు జతలుగా, చదరంగా నిలబడి ఆడే ఆట ఒకటి. దారి కాచి దోచుకునే ముఠా రెండోది. పాలు అంటే తాగేవీ ఉంటాయి, పంచుకునేవీ ఉంటాయి. ఎక్కడ ఏదో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మాకిదీ అంతే. కానీ యాభై ఎనిమిది కరువులో ఆ రెండర్థాలూ వచ్చి ఒకే మనిషి నెత్తిన పడ్డాయి. ఆ మనిషి మా పెట్రొనీలా పెద్దమ్మ.

వరసకు పెద్దమ్మ కాదు. నా బాప్తిస్మం రోజున గుడిలో నన్ను చేతుల్లో పట్టుకున్న తల్లి. మా ఊరు ఉంబురానాలో గోడలకు సున్నం కొట్టడం ఆమె పని. మనిషి పొడగరి. ముంజేతుల మీద సున్నం మరకలు ఎన్ని సార్లు కడిగినా పోయేవి కావు. ఇక గొంతంటారా, ఊరి ఈ కొసన నిచ్చెన మీద నిలబడి "ఆ బకెట్టు ఇట్ల అందియ్ మే" అని అరిస్తే ఆ కొసన గాడిదలు చెవులు రిక్కించేవి.

మొదట్లో ఆట నడిపించింది ఆమె కాదు, ఆమె భర్త ఫిర్మీనో. మెడలో ఈల వేసుకుని, మధ్యలో నిలబడి కేకలేస్తూ ఆడించేవాడు. ఆయన జ్వరమొచ్చి పోయాక, ఆ ఈల కోసం మగవాళ్ళు పోటీ పడ్డారు. ఒకడికి సగంలో కేకలు మరుపుకొచ్చాయి. ఇంకొకడి గొంతు పుంజు కూతలా విరిగింది. జతలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని గందరగోళమయ్యాయి. నల్లబట్టలు కట్టుకుని ఓ మూల కూర్చున్న పెద్దమ్మ లేచి వచ్చి చెయ్యి చాపింది.

"ఇట్ల తే నాయనా ఆ ఈల. మా ఆయన్ని రెండోసారి చంపబాకండి."

ఆ రోజునుంచి ఉంబురానా క్వాద్రీల్యాకు పెద్ద ఆమే. ఆడమనిషి కేకలేసి ఆడించడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. పక్క ఊళ్ళవాళ్ళు ఎగతాళి చెయ్యడానికి వచ్చి, ఆడి, చెమటలు తుడుచుకుంటూ వెళ్ళారు.

ఆ కేకలు ఏ భాషవో మాకెవరికీ తెలియదు. "ఆలవాంటూ!" అంటే అందరూ ముందుకు. "అనారియే!" అంటే వెనక్కి. అది పాదిరిగారి లాటిన్ అని ఫిర్మీనో అనేవాడు. కాదు, అడవిలో ఉండిన పాతవాళ్ళ మాటలని ఇంకొందరు. తాతలు అన్నారు, మేమూ అన్నాం. అర్థం కాళ్ళకు తెలుసు, అది చాలు మాకు.

*

మార్చిలో యోసేపు పండగనాటికి చినుకు పడకపోతే ఆ ఏడు ఇక వాన లేనట్టే. పడలేదు. ఏప్రిల్‌లో చెరువు అడుగు పెంకులు పెంకులుగా లేచింది. నాగజెముడు ముళ్ళు కాల్చి పశువులకు వేశాం. పశువులు పోయాక ఆ జెముడునే సన్నగా తరిగి ఉడికించుకున్నాం. మగవాళ్ళు చాలామంది గవర్నమెంటు రోడ్డు పనికి, రాళ్ళు కొట్టడానికి పోయారు. 

పండగ దగ్గరికొచ్చింది. మొక్కజొన్న లేని యోహాను పండగంటే పెళ్ళికూతురు లేని పెళ్ళి. ఈసారి మానేద్దామని కొందరన్నారు.

"కంకులు పండకపోతే యోహానుది తప్పా?" అంది పెద్దమ్మ. "కడుపు ఎట్లాగూ ఖాళీనే. కాళ్ళు కూడా ఎందుకబ్బా ఖాళీగా పెట్టేది? రేపు మధ్యాన్నం పత్తి షెడ్డు కాడికి రాండి."

వెళ్ళాం. మూతపడిన పత్తి జిన్నింగు షెడ్డులో మునుపటిలాగే వరసలు కట్టాం. కాకపోతే గిరగిరా తిరిగే చోట మెల్లగా తిరిగేవాళ్ళం. అలా తిరుగుతూనే లిందౌరా పడిపోయింది. నా పక్క జత ఆమెది. గోడనుంచి పెచ్చు జారినట్టు చప్పుడు లేకుండా జారింది.

పెద్దమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో ఇంత బెల్లం ముక్క పెట్టింది.

"మే లిందౌరా, పొద్దున ఏం తిన్న్యావ్?"

"తిన్న్యా అత్తా."

"తిన్న్యావని కాదు. ఏం తిన్న్యావ్ అని అడుగుతాండా."

లిందౌరా కళ్ళు మూసుకుంది. "నీళ్ళు."

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. లిందౌరా మొగుడు సీజినాందో కర్నల్ తెర్తులియానో గిడ్డంగికి కాపలాదారు. ఈ కర్నల్ ఏ సైన్యంలోనూ పనిచేసినవాడు కాదు. తాతలనాటి భూములు, మందలు ఉన్నందుకు వచ్చిన బిరుదు అది. మా మేయరూ ఆయనే. కరువు సాయం కింద గవర్నమెంటు లారీల్లో పంపిన అలసంద మూటలు, కర్రపెండలం పిండి, ఎండు మాంసం అన్నీ ఆయన గిడ్డంగిలోనే దించారు. దించి నెల దాటింది. అక్టోబరులో ఎలక్షన్లు. మా ఆకలి అప్పటిదాకా ఓపిక పట్టాలని ఆయన ఉద్దేశం.

"నీ మొగుని నడుముకే గదమ్మే ఆ తాళంచెవి వేలాడేది?" అంది ఎవరో వెనకనుంచి.

"తాళంచెవి ఉడకేసుకుంటే ఉడుకుతాదా?" అంది లిందౌరా. "ఆ మనిషి ఒక్క గింజ ముట్టడు. ముట్టుకుంటే దొర తోలు వొలుస్తాడని బయం. రేత్తిరి పిల్లోళ్ళు ఏడిస్తే లేసి బయటికి పోతాడు."

ఆ పూట ఆట అంతటితో ఆపేశాం. 

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ నన్ను తోడు తీసుకుని కర్నల్ ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో ఊయల మంచంలో పడుకుని జున్నుముక్క నములుతున్నాడు.

"ఏం పెట్రొనీలా, ఈసారి మా గోడలకు సున్నం మరిచినావే?"

"మీ గోడలు తెల్లగానే ఉండాయి దొరా. మనుషుల మొగాలే దానికంటే తెల్లగా పాలిపోయినాయి. ఆ గింజలు ఎప్పుడు పంచుతారో కనుక్కుందామని వచ్చినా."

"పంచుతాం పంచుతాం. దేనికైనా టైము రావాల."

"ఆకలికి టైమొచ్చి నెలయింది దొరా."

ఆయన నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్లను ముద్దు చేసినట్టు. అదే నాకు ఎక్కువ మండింది. "నీకెందుకు పెట్రొనీలా ఈ పెద్దపెద్ద మాటలు? పో, నీకు తెలిసిన పని చేసుకో. నీ క్వాద్రీల్యా ఏదో నువ్వు ఆడించుకో."

పెద్దమ్మ ఆటలో మొదట చేసే వందనంలాగా గౌను అంచు పట్టుకుని వంగింది. "అట్లనే దొరా. మీరు చెప్పినట్లే చేస్తాం."

ఊరి మొదట్లోకి వచ్చాక అంది: "ఇన్న్యావు గదమ్మే. దొర సెలవిచ్చినాడు."

*

శనివారం సంతలో అమ్మేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు లేరు. అయినా కొండలవైపునుంచి జనం దిగుతూనే ఉన్నారు. ఖాళీ గోతాలు భుజాన వేసుకుని, చేతుల్లో కొడవళ్ళు, పారలు. ఎవరూ పిలవలేదు. ఆకలి పిలిచింది. పదింటికల్లా గిడ్డంగి ముందు మైదానం నిండిపోయింది. మెట్ల మీద సీజినాందో ఒక్కడే తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అంతకుముందు నెలలో పక్క ఊళ్ళో ఇలాగే జనం తలుపులు విరగ్గొట్టారు. ఒక గర్భిణి తొక్కిసలాటలో పోయింది. తర్వాత పోలీసులు కాల్చారు. ఆ సంగతి మైదానంలో అందరికీ తెలుసు. తెలిసీ నెట్టుకుంటున్నారు. ఎవరో రాయి విసిరారు. అది తలుపుకు తగిలి ఢమ్మంది. జనం ఒక్కసారిగా ముందుకు ఊగారు.

అప్పుడు ఈల మోగింది.

పెద్దమ్మ గిడ్డంగి పక్కన అరుగు మీద నిలబడి ఉంది. పండగకు కుట్టించుకున్న పువ్వుల చీటిగుడ్డ గౌను వేసుకుంది.

"జతలు కట్టండి!"

అంతమందిలో ఒక్కరూ కదల్లేదు.

"ఏందబ్బా, కడుపుతో పాటు చెవులు కూడా ఎండిపోయినాయా? జతలు! ఆడోళ్ళు కుడి పక్కకు రాండి. ఆ కొడవండ్లు కింద పెట్టండి. కొడవలి పట్టుకున్న చేత్తో జత చెయ్యి ఎట్ల పట్టుకుంటావురా? తెగదా?"

"ఆడే టైమా తల్లీ ఇది?" అన్నాడు ముందున్న ఒక ముసలాయన. కొండమీది మనిషి. కళ్ళనిండా నీళ్ళు.

"చచ్చేదానికైనా ఒక వరస ఉండాల తాతా. మే అదాల్జీజా, ఈ తాత చెయ్యి పట్టుకో. నీ జత."

నేను వెళ్ళి పట్టుకున్నాను. ఆ చెయ్యి చెట్టు బెరడులా ఉంది. నా వెనక మా ఆటవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఎవరు దగ్గరుంటే వాళ్ళ చెయ్యి అందుకుని నిలబడ్డారు. కొడవళ్ళు కింద పడుతున్న చప్పుడు వినిపించింది. పండగ ఆట మా సీమలో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. చూస్తుండగానే నెట్టుకుంటున్న మంద కాస్తా రెండు వరసలైంది. వాద్యం లేదు. పెద్దమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. మేమందుకున్నాం.

"ఆలవాంటూ!"

కదిలాం. అంతమందిమి, ఒకే అడుగుతో. నా జన్మలో ఎన్నో పండగలు ఆడాను గానీ, భూమి అలా మోగడం మళ్ళీ వినలేదు.

మెట్ల దగ్గరికి చేరేసరికి సీజినాందో తుపాకీ ఎత్తాడు. "అత్తా, నీకు దండం పెడతా. ఇంకొక్క అడుగు వేస్తే కాల్చాల్సొస్తాది."

పెద్దమ్మ చెయ్యెత్తింది. వరసలు ఆగాయి.

"కాల్చుకో నాయనా. కాకపోతే ముందు ఒకటి చూసుకో. ఊరంతా జతలు జతలుగా ఉంటే నువ్వొక్కడివే ఒంటిగా నిలబడుకోనుండావు. నీ జత యాడుందో చూడు."

వరసలో నాలుగో చోట లిందౌరా ఉంది. ఆమె పక్కన ఖాళీ. ఖాళీగా ఉన్న ఆ పక్కకు చెయ్యి చాపింది, అంతే.

సీజినాందో చాలాసేపు ఆ చేతివైపు చూశాడు. తర్వాత తుపాకీ గోడకు ఆనించాడు. టోపీ తీసి తుపాకీ మీద తగిలించాడు. నడుముకున్న తాళంచెవి విప్పి, తలుపు తీసి, మెట్లు దిగి వచ్చి పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు.

"ఏడ్చుకుంటానే ఆడు నాయనా, ఏం ఫర్వాలేదు," అంది పెద్దమ్మ. "ఇగ సొరంగం!"

ముందు జతలు చేతులెత్తి గొడుగులా పట్టాయి. వెనకవాళ్ళు దాని కిందుగా వంగి లోపలికి వెళ్ళారు. మూటలు ఎక్కడివక్కడ పీక్కోవడం లేదు. ఆటకు నాలుగు పక్కలు, ఊరికి నాలుగు దిక్కులు అని చెప్పి, పెద్దమ్మ గిడ్డంగి నాలుగు మూలలా నాలుగు కుప్పలు పోయించింది. కొండవాళ్ళకొకటి, ఏటివైపు వాళ్ళకొకటి, సంతవీధికొకటి, గుడివైపుకొకటి. నాలుగూ సమం. ఒక కుప్ప పెద్దదనిపిస్తే దోసిళ్ళతో తీసి చిన్నదానికి కలిపించింది. గౌన్ల ఒడుల్లో, తోలు టోపీల్లో, గోతాల్లో నింపుకుని జతలు వెనక తలుపునుంచి వెళ్ళిపోతున్నాయి. పిల్లలు ఎక్కువున్న తల్లులకు ఇంకో దోసెడు.

అక్కడే కర్నల్‌వి సొంత పత్తి బేళ్ళున్నాయి. కిరసనాయిలు డబ్బాలున్నాయి. కొత్త గుర్రపు జీనులున్నాయి. ఒకడు జీను మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్, అది ఉడకేస్తే మెత్తబడతాదా?" అంది పెద్దమ్మ. వాడు సిగ్గుపడి చెయ్యి తీసేశాడు.

పోలీసుల లారీ వస్తున్న దుమ్ము మొదట చూసింది ఆమే. "పాము!" అని అరిచింది. ఆటలో ఆ కేకకు అందరూ ఎగిరి వెనక్కి తిరుగుతారు. అప్పుడూ తిరిగారు. కాకపోతే ఈసారి అలాగే సందుల్లోకి తిరిగి, ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేను మాత్రం వెళ్ళలేకపోయాను. అరుగు చాటున నిలబడ్డాను.

సార్జెంటు లిబోరియో మెట్లెక్కి వచ్చేసరికి గిడ్డంగిలో పెద్దమ్మ ఒక్కతే చీపురుతో నేల ఊడుస్తోంది.

"ఏం జరుగుతాంది ఈడ?"

"ఇంగేం జరగలేదు, అయిపోయింది. క్వాద్రీల్యా."

"క్వాద్రీల్యానా! దానికి నాయకుడెవుడు?"

"నాయకుడు గాదు నాయనా, నాయకురాలు. నేనే."

లిబోరియో చెమట తుడుచుకుని గొంతు తగ్గించాడు. వాడూ మా సీమవాడే. "అత్తా, ఆ మాట అనబాక. అంటే నేను రాసుకోవాల్సొస్తాది."

"రాసుకో. అచ్చరాలు తప్పు లేకుండా రాసుకో."

*

పెద్దమ్మను స్టేషనులో పెట్టి, ముఠా నాయకురాలని కేసు పెట్టారు. ముగ్గురికి మించి కలిసి నేరానికి పూనుకుంటే దాన్ని క్వాద్రీల్యా అంటారని చట్టం. మర్నాడు పూజ అయ్యాక మేము గుడినుంచి తిన్నగా స్టేషనుకు జతలుగా నడిచి వెళ్ళాం. సీజినాందో, లిందౌరా ముందు.

"ముగ్గురికి మించి ఉండాలంట గదా సార్. ఆమె ఒక్కతే ముఠా ఎట్లవుతాది? మేమూ ఉండాం, పట్టుకోండి," అన్నాడు సీజినాందో.

లిబోరియో తల పట్టుకున్నాడు. "నాకుండేది ఒక్క గది రా నాయనా! మీ అందరినీ యాడ పెట్టేది? పోండి, పోండి." లోపలినుంచి పెద్దమ్మ నవ్వు వీధంతా వినపడింది.

జిల్లా జడ్జిగారు జీపులో వచ్చారు. డాక్టర్ ఎవారిస్తో ఆయన పేరు. సముద్రతీరం మనిషి, మా ఎండకు తట్టుకోలేక టోపీతో విసురుకుంటూ కూర్చున్నారు. ఊళ్ళో కోర్టు లేదు గనుక కాన్వెంటు బడి హాల్లో విచారణ పెట్టారు. కిటికీలు పట్టుకుని జనం వేలాడుతున్నారు. కర్నల్ ముందు వరసలో తెల్ల సూటులో కూర్చున్నాడు, పక్కన ఆయన వకీలు.

"నువ్వు క్వాద్రీల్యాకు నాయకురాలివని ఒప్పుకుంటున్నావా?" అన్నారు జడ్జిగారు.

"ఒప్పుకునేదేముంది దొరా, ఊరందరికీ తెలుసు. మా ఆయన పోయినప్పటినుంచి నేనే."

హాలంతా నవ్వు. జడ్జిగారు బల్ల మీద కొట్టారు. "చట్టంలో ఆ మాటకు అర్థం వేరు."

"ఆట పేరు దొంగలకెట్ల పెట్టినారో నాకు తెల్దు దొరా. అది పెట్టినోళ్ళని అడగాల."

అప్పుడు వెనకనుంచి సిస్టర్ ఒడీల్ లేచారు. బడిలో పెద్ద సిస్టర్. ఫ్రాన్సునుంచి వచ్చి మా ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉంటున్నారు. ఆట అంటే సిస్టర్లు కిటికీలు మూసుకునేవారు. అందుకని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"అయ్యా, ఆ మాట గురించి నాకు కొంత తెలుసు. చెప్పవచ్చునా?" అన్నారు. జడ్జిగారు తలూపారు.

"శనివారం నా గది కిటికీ తెరిచి ఉంది. ఎవరో నా భాషలో కేక పెట్టారు. అందరూ ముందుకు, అని. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో నా భాష ఎవరి నోటా వినలేదు. పరుగెత్తి చూస్తే, దోనా పెట్రొనీలా. ఆమె అరిచిన ఆ మాట మా దేశపుదే. ఎంత అరిగిపోయినా గుర్తుపట్టగలిగాను, ఊరు విడిచిన చుట్టాన్ని నడకను బట్టి గుర్తుపట్టినట్టు."

దోనా అంటే అమ్మగారు అన్నట్టు. జనం గుసగుసలాడారు. పెద్దమ్మ నోరు తెరుచుకుని వింటోంది.

"ఆట మా దేశంనుంచి వచ్చింది. పేరు మాత్రం అంతకంటే పాతది, స్పెయిన్‌ది. చదరం, నాలుగు అన్న మాటల్లోంచి పుట్టింది. పూర్వం సైనికులు కొల్లగొట్టిన సొమ్మును పంచుకోవడానికి నాలుగు భాగాలుగా విడిపోయేవారట. అలాంటి ఒక్కొక్క జట్టుకు ఆ పేరు."

వకీలు ఎగిరి లేచాడు. "విన్నారుగా అయ్యా! కొల్లగొట్టి పంచుకునేవాళ్ళు! సిస్టరే చెప్పారు!"

సిస్టర్ మొహం ఎర్రబడింది. మేలు చెయ్యబోయి ముంచేసిందే ఈవిడ అనుకున్నాను. కానీ ఆవిడ కూర్చోలేదు.

"ఇంకా ఉంది. తర్వాత ఆ జట్లు రాజుల ముందు గుర్రాల మీద చదరంగా తిరిగే వేడుక అయ్యాయి. గుర్రాలు పోయి మనుషులు మిగిలారు. నాలుగు జతలు ఎదురెదురుగా నిలబడి ఆడే ఆట అయింది. ఓడెక్కి రియో నగరానికి వచ్చి చక్రవర్తి మేడలో ఆడింది. మేడలో వాళ్ళు విసిగి వదిలేస్తే, కంచరగాడిదల మీద ఈ సీమకు చేరింది. ఎక్కడా నిలవనిది ఇక్కడ నిలిచింది. దాన్ని నిలబెట్టినవాళ్ళు వీళ్ళు."

పెద్దమ్మ చెయ్యెత్తింది.

"సిస్టరమ్మా, నాదొక సందేహం. ఆ సైనికులు నాలుగు బాగాలూ సమంగా పంచుకుంటా ఉండ్రా?"

"అలాగే అనుకుంటాను."

"అట్లయితే మంచి పేరే. మేం కూడా సమంగానే పంచినాం." జడ్జిగారి వైపు తిరిగింది. "దొరా, మీరు నన్ను అన్నీ అడిగినారు. నేనొకటి అడగొచ్చా? ఆ గింజలు ఎవురివి?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. జడ్జిగారు టోపీతో విసురుకోవడం ఆపారు. "కర్నల్, మీ సొంత సరుకు ఏదైనా పోయిందా?"

"పత్తి, కిరసనాయిలు... అవి ఉన్నాయి," అన్నాడు కర్నల్.

"అలసందలు మీవా?"

నావి అంటే గవర్నమెంటు మూటలు నీవెలా అయ్యాయని అడుగుతారు. కాదు అంటే ఎవరి కోసం వచ్చాయో చెప్పాలి.

"కరువు సాయానివి," అన్నాడు చివరికి.

"ఎవరికి సాయం?"

కిటికీలకు వేలాడుతున్న మొహాలవైపు జడ్జిగారు ఒకసారి చూశారు. అంతకంటే జవాబు అక్కర్లేదు.

"చేరవలసినవాళ్ళకు చేరాయి. పద్ధతి సరైంది కాదు. దోనా పెట్రొనీలా, ఇంకోసారి ఇలా చెయ్యకండి. కానీ దొంగతనం కనిపించడం లేదు. నేరం లేని చోట ముఠా ఉండదు. ఇక మిగిలింది ఆట. ఆటకు చట్టంలో శిక్ష లేదు," అన్నారు.

మా అరుపులకు పైకప్పు పెంకులు కదిలాయి.

*

యోహాను పండగ సాయంత్రం మంట వేశాం. మొక్కజొన్న లేదు గానీ అలసందలున్నాయి. పెద్ద కాగులో ఉడికించాం. సిస్టర్ ఒడీల్ ఆ ఏడు కిటికీ మూసుకోలేదు. వచ్చి అరుగు మీద కూర్చున్నారు. సార్జెంటు లిబోరియో యూనిఫారం విప్పేసి వచ్చి నా ముందు వరసలో ఆడాడు.

మా ఆటలో ఒక కేక ఉంది. "వాన వస్తాంది!" అంటే అందరూ తలల మీద చేతులు పెట్టుకుని కేరింతలతో వెనక్కి పరుగెత్తాలి. వెంటనే పెద్ద "అబద్దం!" అంటే మళ్ళీ ముందుకు తిరగాలి. ఆ ఏడు ఆ కేక వదిలేస్తుందనుకున్నాం అందరం. పెద్దమ్మ వదల్లేదు. అరిచింది. మేం పరుగెత్తాం. ఆమె మమ్మల్ని వెనక్కి పిలవకుండా చాలాసేపు అలా నిలబడిపోయింది. ఆకాశంవైపు చూస్తోంది. జతలన్నీ చేతులు తలల మీద పెట్టుకునే ఆగిపోయాయి. అప్పుడు కొండమీది ముసలాయన, నా జత, "ఏందమ్మా, నిజమైందాకా మమ్మల్ని ఇట్లనే నిలబెడతావా?" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక "అబద్దం!" అంది. అందరం నవ్వుతూ తిరిగాం.

వాన తర్వాతి ఏడు జనవరిలో వచ్చింది. అంతకు ముందే, అక్టోబరులో, కర్నల్ మళ్ళీ గెలిచాడు. ఏం దాచను, అదీ జరిగింది. కాకపోతే ఆ తర్వాత ఏ లారీ వచ్చినా మూటలు గిడ్డంగిలోకి పోయేవి కావు. గుడి మెట్ల మీదే దిగేవి, అందరూ చూస్తుండగా. సీజినాందో ఉద్యోగం పోయింది. పెద్దమ్మ దగ్గర సున్నం పనికి కుదిరాడు. ఎత్తంటే భయం వాడికి. నిచ్చెన ఆమె ఎక్కేది, బకెట్టు వాడు అందించేవాడు.

చాలా ఏళ్ళకు, పెద్దమ్మ జుట్టంతా సున్నం రంగుకు తిరిగాక, ఒకరోజు సిస్టర్ ఒడీల్ దగ్గరికి వెళ్ళింది. నేనూ ఉన్నాను.

"సిస్టరమ్మా, నేను అరిచేది తప్పుగా అరుస్తానంట గదా. సరైనది ఎట్ల పలకాలో ఒకసారి నేర్పియ్యండి. చచ్చేలోపల ఒక్కసారన్నా సరిగ్గా అరుస్తా."

సిస్టర్ వద్దన్నారు. ఆమె వినలేదు. చివరికి ఆవిడ పెదవులు చిన్నగా చేసి, ముక్కుతో మెత్తగా, ముందుకు రమ్మనే ఆ మాట పలికి చూపించారు. పెద్దమ్మ శ్రద్ధగా విని, తనూ పెదవులు అలాగే పెట్టి రెండుసార్లు అంది. బాగానే వచ్చింది. మూడోసారి అనబోయి ఆగిపోయింది.

"బాగుంది సిస్టరమ్మా. పాలు తాగే పిల్లోల్ని నిద్రపుచ్చేదానికి బాగుంటాది. దీనికి మా వాళ్ళు ఒక్కరూ లేసి ఎగరరు."

సిస్టర్ ఒడీల్ కళ్ళజోడు తీసి, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. "మీదే సరైనది, దోనా పెట్రొనీలా," అన్నారు. "మాదే పాతబడిపోయింది."